డిలీట్ బటన్ లేని కీబోర్డు

సువర్ణ కీబోర్డులో డిలీట్ బటన్ లేదు. ఉరవకొండ బస్టాండు వెనక, ఆమె ఆపరేటరుగా పనిచేసే నెట్ సెంటర్ నడిపే ఓబులేష్ దాన్ని స్క్రూడ్రైవరుతో పెరికేశాడు. అంతకుముందు ఎవరిదో పొలం కాగితాల ఫైలు కంప్యూటర్లోంచి మాయమైంది. తుడిచేసింది అక్కడే పనిచేసే ఓబులేష్ బావమరిదే. సెంటరులో అందరికీ తెలుసు. నింద సువర్ణ మీద పడింది. "ఆడపిల్లోల్ల చేతికి అన్ని బటన్లూ ఇస్తే ఇట్లే" అన్నాడు ఓబులేష్. బావమరిది కీబోర్డును మాత్రం ఎవరూ ముట్టలేదు. వేరే పని దొరకదని సువర్ణ నోరెత్తలేదు. బటన్ పెరికేయడాన్ని జాగ్రత్త అంటారు కొందరు. నేను అవమానం అంటాను.

వేరుశనగ బీమా నమోదుకు ఆఖరు దినాన మారెక్క వచ్చింది. భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేస్తోంది. పోయినేడు చేను నిలువునా ఎండిపోతే, బీమా లేనందున ఏమీ రాలేదు. సువర్ణ వివరాలన్నీ కొట్టి, పాసుపుస్తకం స్కాన్ చేస్తుండగా తెర బిగుసుకుపోయింది. మౌస్ కదిలించినా బాణం కదల్లేదు.

"ఏమైంది పాపా?"

"మొరాయించింది అక్కా."

"ఎద్దు మాదిరేనా? తోక మెలిపెట్టు."

"దీనికి తోక యాడుండాది అక్కా."

ఓబులేష్ తన బల్ల దగ్గర నుంచే అన్నాడు: "వైరు పీకి మల్లా పెట్టు. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"పీకితే ఈయమ్మ కొట్టించిందంతా పోతాది అన్నా. సైటు సాయంత్రం లోపల మల్లా తెరుసుకోకపోతే?"

"ఆయమ్మ అదురుష్టం."

సువర్ణ వైరు పీకలేదు. బిగుసుకున్నదాన్ని ఒక్కదాన్నే మూయాలంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కాలని ఆమెకు తెలుసు. ఆ మూడోదే లేదు. ఇదే కుర్చీలో తనకు ముందు పనిచేసి, ఇప్పుడు అనంతపురంలో ఉంటున్న మహేశ్వరికి ఫోన్ చేసింది. కీబోర్డు సంగతి ఆమెకు ఇదివరకే చెప్పింది.

"ఇంగా ఆ కీబోర్డేనా?" మహేశ్వరి నవ్వింది. "కంట్రోల్, షిఫ్ట్ పట్టుకోని, పై మూలలో ఎస్కేప్ నొక్కు. నొక్కి ఊరికే ఉండు. ఊరికే ఊరికే కొట్టద్దు."

కాసేపటికి నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరుచుకుంది. స్కానర్ పేరు పక్కన అది స్పందించడం లేదని ఉంది.

"కిందికి దిగే బటన్‌తో దాని మీదికి పో. ఆల్ట్, ఇంగ్లీషు 'ఈ' అక్షరం కలిపి నొక్కు. ఫారం ఉండే కిటికీ జోలికి పోవద్దు."

స్కానర్ మూతపడింది. మౌస్ కదిలింది. మారెక్క ఫారం ఎలా ఉన్నదో అలాగే ఉంది. సువర్ణ పాసుపుస్తకాన్ని సెల్‌ఫోన్లో ఫొటో తీసి ఎక్కించింది. రసీదు వచ్చింది.

"ఈసారి వాన రాకున్నా కొంచెం ఊపిరాడతాది" అంటూ మారెక్క దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఓబులేష్ టీ తాగను పోయాడు.

సువర్ణకు ఈ కిటుకు ముందే ఎవరూ నేర్పలేదు. మీ ఊరి నెట్ సెంటరుకో, గ్రామ సచివాలయానికో పోయినప్పుడు అక్కడి ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చారా అని అడగండి. ఇవ్వలేదంటే మండలాఫీసులో అర్జీ పెట్టండి. మీకు కంప్యూటర్ తెలిస్తే ఒక పూట వాళ్ల పక్కన కూర్చుని నేర్పండి. వచ్చే ఖరీఫ్ నమోదు మొదలవక ముందే పోండి.