ఆడికి సగం, నాకు సగం

నిన్న డాక్టరమ్మ నా రక్తపోటు మాత్రను సగం చేసి వేసుకోమంది. "మధ్యలో గీత ఉంటుంది ఆంటీ, ఇలా నొక్కితే విరుగుతుంది" అని నేర్పబోయింది. నాకు నేర్పాలా! భిలాయి సెక్టర్ 2లో, మా క్వార్టరు వంటగది గట్టు మీద, నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో ఏడాదిపాటు మాత్రలు కోసినదాన్ని. పొడి రాలకుండా, ఎక్కువ తక్కువల్లేకుండా కోసేదాన్ని. ఆ పనితనానికి అప్పట్లో మా ఇంట్లో మంచి పేరు కూడా ఉండేది.

అమ్మకు మూర్ఛలు వచ్చేవి. నాన్న ఉక్కు ప్లాంటులో పనిచేసేవాడు గనక ప్లాంటు ఆసుపత్రిలో ఆమెకు మందు ఊరికే ఇచ్చేవారు. శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉండే అమ్మ తమ్ముడికీ అదే జబ్బు. బావ మెడికల్ పుస్తకంలో బావమరిదికి చోటుండదు. "ఒక కడుపున పుట్టినోళ్ళం. ఆడికి సగం, నాకు సగం. ఏటవుద్దే?" అంది అమ్మ. ఏమవుతుందో మాకెవరికీ తెలియదు. మా వైపు వెళ్ళేవాళ్ళు భిలాయి పవర్ హౌస్ స్టేషనులో రైలెక్కుతుంటే, ఖాళీ పౌడరు డబ్బాలో సగం మాత్రలు పోసి చేతికిచ్చేవాళ్ళం. మా లైన్లో చాలా ఇళ్ళ నుంచి దగ్గు మందో, జ్వరం మాత్రలో అలాగే ఊళ్ళకు వెళ్ళేవి. అదొక తప్పని ఎవరూ అనుకోలేదు.

సగం మందుతో అమ్మకు మళ్ళీ మూర్ఛలు మొదలయ్యాయి. రోజూ వేసుకుంటున్నావా అని డాక్టరు అడిగాడు. వేసుకుంటున్నానంది, అబద్ధమేమీ కాదు. ఆయన పాపం పుస్తకంలో మోతాదు రెట్టింపు చేశాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఇక అక్కకొకటి, తమ్ముడికొకటి. నా బ్లేడు పని తప్పింది. రెండేళ్ళు ఇద్దరూ హాయిగా ఉన్నారు. మమ్మల్ని మించిన వైద్యులు లేరనుకున్నాం.

తర్వాత అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. పుండు మానక నెలపాటు వార్డులోనే ఉంచేశారు. నర్సు పుస్తకంలో రాసింది రాసినట్టు, రెండు మాత్రలూ ఎదురుగా నిలబడి మింగించేది. వారం తిరిగేసరికి అమ్మ మాట ముద్దయింది, కళ్ళు కుదురు తప్పాయి, లేచి నిలబడితే తూలేది. ఆపరేషన్ నీరసం అనుకున్నారంతా. నాకు అనుమానం వచ్చింది. పక్క క్వార్టర్లో ఉండే కాంపౌండరు బాబాయిని, ఒకటి మింగే మనిషి రెండు మింగితే ఏమవుతుందని అడిగాను.

"మందు ఒంట్లో నిలవుండదే అమ్మా. కాలేయం ఇరిసేసి బయటికి పంపేస్తాది. అడుగున కన్నమున్న నీళ్ళ డ్రమ్మనుకో. కన్నం లాగినకాడికి పోస్తే మట్టం నిలబడతాది. ఎక్కువ పోస్తే పొర్లిపోద్ది, పొయ్యడం ఆపేస్తే ఎండిపోద్ది. ఎందుకేటి?" అన్నాడు.

"పరీక్షకి" అన్నాను.

ఇక్కడ అమ్మ పొర్లుతోంది. అక్కడ మావయ్య ఎండిపోతున్నాడు. అమ్మ వార్డులో ఉంది గనక ఇంటికి మాత్రలు రావడం లేదు, డబ్బా వెళ్ళడం లేదు. నాన్నతో చెప్పాను. "నోరిప్పకు. మందు ఊరికి పంపినామని తెలిస్తే చార్జిషీటు ఇచ్చీస్తారు. నౌకరీ పోద్ది, సమజైందా?" అన్నాడు. అయింది. పద్దెనిమిదేళ్ళదాన్ని, డ్రమ్ము సంగతి తెలిసినదాన్ని, పది రోజులు నోరు మూసుకున్నాను. రోజూ క్యారియర్ పట్టుకుని వార్డుకు వెళ్ళి, నర్సు అమ్మ నోట్లో రెండు మాత్రలు వేయడం చూస్తూ కూర్చున్నాను.

టెలిగ్రాం వచ్చింది. మూర్ఛ మీద మూర్ఛ వచ్చి మావయ్య పోయాడు. ఆ మాట విన్న అమ్మ, ఆ ముద్దమాటలతోనే, వచ్చీరాని హిందీలో డాక్టరుకు అంతా చెప్పేసింది. ఆయన పుస్తకంలో రెండు కొట్టేసి ఒకటి రాశాడు. "పహలే క్యోఁ నహీఁ బతాయా?" అని, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు, అంతే. చార్జిషీటు రాలేదు. నాన్ననెవరూ పిలిచి అడగను కూడా లేదు.

అమ్మ మాట తేరుకుంది గాని నడక తేరుకోలేదు. బతికినన్నాళ్ళూ గోడ పట్టుకునే నడిచింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాన్న మీద నాకు కోపం తగ్గలేదు, నా మీద అసలే తగ్గలేదు. ఇందాక డాక్టరమ్మ చెప్పినట్టే మాత్రను గీత మీద విరిచి, సగం వేసుకున్నాను. ఇది ఒకటి రెండు రోజుల్లో నా ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. ఆ పది రోజులు మాత్రం నలభై ఏళ్ళయినా వెళ్ళలేదు.