కుర్చీలో కూర్చున్న మూట

రూతమ్మ గారు ఇక లేరన్న కబురు నాకు మొదట చెప్పింది సూర్యాపేటలో మా ఆఫీసు పక్కన టీ కొట్టు నడిపే యాదమ్మ. ఫోను మోగినప్పుడు నేను శంషాబాద్‌లో, విమానాన్ని మొత్తంగా కిరాయికి తీసుకున్నవాళ్లు వెళ్లే చిన్న టెర్మినల్‌లో ఉన్నాను. అప్పుడే అద్దాల తలుపు తెరుచుకుంది. బయట ఎండలో నిలబడిన విమానం నుంచి కిరసనాయిలును గుర్తుచేసే ఇంధనం వాసన లోపలికి వచ్చింది. "సరళా, మేడం పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది" అంది యాదమ్మ. నా ఎదురుగా మిర్యాలగూడ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి విమానం ఎక్కడానికి సిద్ధంగా ఉంది. వాళ్లను మెట్ల దాకా సాగనంపి, విమానం కదిలాకనే నేను పక్కకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. మేడం ఉంటే అలాగే చేయమనేవారు. ఇప్పుడు నెలలు గడిచాయి. వారంలో ఒకసారైనా ఆ వాసన నాకు తగులుతూనే ఉంటుంది. తగిలినప్పుడు దిగులు కలగదు. ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు నడుం నిటారుగా అవుతుంది, అంతే.

రూతమ్మ గారిది మిర్యాలగూడ. వయసులో ఉండగా చాలా ఏళ్లు విమానాశ్రయాల్లో ప్రయాణికుల పనులు చూసే ఉద్యోగం చేసి, తర్వాత సూర్యాపేట వచ్చి రెండు కార్లతో ట్రావెల్స్ పెట్టారు. ఈ చుట్టుపక్కల రైసుమిల్లుల వాళ్లకూ, కాంట్రాక్టర్లకూ విమానాలు కిరాయికి తీసుకునే అవసరం, స్తోమత వచ్చేసరికి, ఆ కంపెనీలతో మాట్లాడి ఏర్పాట్లు చేయడం కూడా ఆవిడ పనే అయింది. నేను చివ్వెంల దగ్గరి ఊరి పిల్లను. చిన్నప్పుడు ఆయాసం వల్ల బడికి పంపలేదు. మా అమ్మే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తెలుగూ ఇంగ్లీషూ లెక్కలూ నేర్పింది. పని అడగడానికి వెళ్లిన రోజున ఎక్కడ చదివావని మేడం అడిగితే, ఇంట్లోనే అని తల దించుకుని చెప్పాను. ఆవిడ నవ్వారు. "మంచిదే బిడ్డా. గంట కొట్టంగనే పని విడిచి లేచే అలవాటు నీకు ఉండదు" అన్నారు. ఇంట్లో చదివినదాన్నని చెప్పుకోవడానికి ఆ తర్వాత నేనెప్పుడూ తల దించలేదు.

మా ఆఫీసులో పొద్దున్నే నేను దీపం పెట్టేదాన్ని. మేడం కళ్లు మూసుకుని, ఆ రోజు ప్రయాణం ఉన్నవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థన చేసుకునేవారు. నా దీపం కొండెక్కబోతే ఆవిడే నూనె పోసేవారు. ఎవరి నమ్మకం వాళ్లది అని ఊరుకునే మనిషి కాదు. ఎవరి నమ్మకమైనా సరే, దాన్ని దారిలో పగలకుండా చేర్చడం మన పనిలో భాగమనేవారు. దామరచర్లలో పవర్‌ప్లాంటు పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన మొదటిసారి విమానం తీసుకున్నప్పుడు, దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టందే ఎక్కనన్నాడు. విమానాలు నిలిపే చోట నేల మీద చిన్న వస్తువు కూడా ఉండకూడదు, ఇంజను లోపలికి లాక్కుంటుంది. కుదరదని నేను ఫోనులో ఎంత చెప్పినా వినలేదు. మేడం ఫోను తీసుకుని, "అన్నా, నీ ప్రయాణం ఏడ మొదలైతది? ఇంటి ముంగట కారు కాడ్నే గద. గా చక్రాల కింద పెట్టు, ఎవ్వరు వద్దనరు" అన్నారు. ఆయన ఊరంతా చూసేటట్టు కారు కింద నిమ్మకాయలు తొక్కించి, హాయిగా వచ్చి విమానం ఎక్కాడు.

ఇప్పుడు అసలు సంగతి. కోదాడ నుంచి అనసూయమ్మ గారని ఒక పెద్దావిడ కోసం, ఆమె కొడుకు ముంబయికి విమానం మాట్లాడమన్నాడు. ముంబయిలో ఉంటున్న ఆమె బిడ్డకు గుండె ఆపరేషన్. అనుకున్న తేదీ కంటే ముందే, మంగళవారం మధ్యాహ్నమే చేయాలని డాక్టర్లు తేల్చారు. లోపలికి తీసుకుపోయే ముందు అమ్మను ఒక్కసారి చూడాలని ఆ అమ్మాయి పట్టుపట్టింది. సోమవారం, మంగళవారం మామూలు విమానాల్లో ఎందులోనూ సీటు దొరకలేదు. అంత రద్దీ విమానాశ్రయంలో మా చిన్న విమానాలకు దిగే సమయం ముందే ఇస్తారు. మాకు దొరికింది మంగళవారం పొద్దున. అది తప్పితే మళ్లీ సాయంత్రమే. అన్నీ కుదిరాయి అనుకునేసరికి అనసూయమ్మ గారు అడ్డం తిరిగారు. మంగళవారం గడప దాటనన్నారు. "నా బిడ్డ పానం మీదున్న రోజున నేను చెడ్డ వారం చూసి బయల్దేరనా?" అని ఫోనులోనే ఏడ్చారు.

కొడుకు విసుక్కున్నాడు. మేడం మాత్రం, "సోమవారం పరస్తానం పెడదాం పెద్దమ్మా" అన్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మంచిరోజున బయల్దేరడం వీలుకాని మనిషి, ఆ రోజున తన బట్టలు, పసుపు కుంకుమ ఒక మూట కట్టి, వెళ్లే దారిలో తెలిసినవాళ్ల ఇంట పెట్టిస్తుంది. మూట గడప దాటితే మనిషి దాటినట్టే. మర్నాడు దాన్ని తీసుకుని ముందుకు సాగాలి. కోదాడ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే మా సూర్యాపేట. సోమవారం సాయంత్రం పసుపు అంచు గుడ్డలో కట్టిన మూట మా ఆఫీసుకు వచ్చింది. మేడం తన కుర్చీ ఖాళీ చేసి అందులో దాన్ని పెట్టి, తాను బల్ల మీద కూర్చుని ఫోన్లు మాట్లాడారు. టీ తెచ్చిన యాదమ్మ చూసి, "ఈమెకు గూడ ఒక చాయ పొయ్యాల్నా మేడం?" అంది.

మొదటిసారి విమానం ఎక్కే పెద్దావిడకు తోడుగా నన్ను వెళ్లమన్నారు మేడం. ఏర్పాట్లు చూసుకోవడానికి నేను ముందే శంషాబాద్ చేరుకున్నాను. కోదాడ కారు వచ్చింది. తలుపు దగ్గర భద్రతా సిబ్బంది గుర్తింపు కార్డు అడిగారు. అనసూయమ్మ గారు తెల్లబోయి చూశారు. "అది మూటలో ఉందమ్మా" అన్నారు. ఎందుకు పెట్టారంటే, "ఆ కార్డు మీద నా మొకం ఉంది కదా. అది పోతే నేనే పోయినట్టు అయితది అనుకున్నా" అన్నారు. ఆ మూట ఏదీ? తొందరలో కారు సూర్యాపేట ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదుగా వచ్చేసింది. అమ్మ అడుగుతూనే ఉందట. వచ్చేటప్పుడు తీసుకుందాంలే అని కొడుకు ఆపలేదట. ఇప్పుడు అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సూర్యాపేట నుంచి ఎంత వేగంగా వచ్చినా రెండు గంటలు దాటుతుంది. మాకున్నది గంట కూడా లేదు. పైలట్ గడియారం చూసుకుంటున్నాడు. అక్కడ ముంబయిలో ఒక అమ్మాయి తలుపు వైపు చూస్తూ ఉంటుందని నాకు తెలుసు.

నేను మేడంకు ఫోను చేశాను. జరిగింది చెప్పబోతుంటే, "చౌటుప్పల్ దాటిన బిడ్డా. మూట నా పక్క సీట్ల ఉంది" అన్నారు. అంటే సగం దారి పైనే వచ్చేశారు, కారు తనే నడుపుతున్నారు. కార్డు సంగతి అప్పటికి ఆవిడకు తెలియదు. నేను చెప్పాక, "పెద్దమ్మకు విమానం లేటని గిట్ట అబద్ధం చెప్పకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నేనొస్తున్న అని చెప్పు" అన్నారు. నేను అనసూయమ్మ గారి పక్కన కూర్చుని చేయి పట్టుకుని, ఉన్నదంతా చెప్పాను. ఆమె నా చేయి వదల్లేదు. ఇద్దరం ఎవరి దేవుణ్ణి వాళ్లం తలచుకున్నాం.

మేడం వచ్చారు. మూటను రెండు చేతులతో పట్టుకుని వచ్చారు. ముడి మాత్రం తాను విప్పలేదు. పెద్దావిడ చేతికే ఇచ్చి విప్పించారు. కొడుకు ఏదో అనబోతే, "తప్పు నాదన్నా. మూట మా కాడ పెట్టుకున్న. మీ కారు ఆగేటట్టు సూసుకునేది నా పని" అన్నారు. మాకు ఇచ్చిన సమయం ఇంకా చేజారలేదు.

ముంబయి పైకి చేరాక విమానం చాలాసేపు చుట్లు తిరిగింది. కిందంతా నీలం ప్లాస్టిక్ పట్టాలు కప్పిన ఇళ్లు, వాటి పక్కనే సముద్రం. ఎందుకు దిగడం లేదని పెద్దావిడ అడిగింది. మన ముందు పెద్ద విమానాలు వరుసలో ఉన్నాయి, మన వంతు రావాలి అని చెప్పాను. "రానీలే. సోమవారమే బయల్దేరినం, ఈ కాసేపు ఎంత" అంది, ఒళ్లో మూట సర్దుకుంటూ. దిగగానే మేడం చెప్పి ఉంచిన కారు టెర్మినల్ తలుపు దగ్గరే ఉంది. ఆసుపత్రిలో బిడ్డను చక్రాల మంచం మీద అప్పటికే వరండాలోకి తెచ్చారు. తల్లి మూటలోని చీర తీసి బిడ్డ బుగ్గకు తాకించింది. ఆ పిల్ల వాసన పీల్చుకుని, "ఇంటి వాసనే అమ్మా" అని నవ్వింది. నర్సు అంతసేపూ మంచం కదపకుండా ఆగింది. ఆ అమ్మాయి ఈ రోజుకీ ఆరోగ్యంగా ఉంది. అందుకు దేవుడికి దండం.

ఆ సాయంత్రం మేడంకు ఫోను చేస్తే విమానం గురించి ఒక్క మాటా అడగలేదు. తల్లీబిడ్డలు చూసుకున్నారా అని అడిగారు. కార్డు సంగతి తెలియకుండానే అంత దూరం ఎందుకు బయల్దేరారని నేనడిగాను. "కోదాడ కారు రాలే. ఫోను కలవలే. కుర్చీ దిక్కు సూసిన. ఆమె సగం గీడనే కూసున్నది గద బిడ్డా. ఎట్ల విడిచిపెడత?" అన్నారు.

ఇప్పుడు ఆఫీసు నేనే చూసుకుంటున్నాను. ఆ కుర్చీలో నేను కూర్చోను. ప్రయాణం పెట్టుకున్నవాళ్ల మూటలు, ముడుపులు, చర్చి నుంచి తెచ్చుకున్న నూనె సీసాలు, దర్గా తాయెత్తులు అందులోనే ఉంటాయి. అది ఖాళీ అయ్యేదాకా ప్రయాణం మొదలైందని నేను ఎవరితోనూ అనను. పొద్దున దీపం పెట్టాక ప్రయాణికుల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాను. అది మేడం నేర్పిన ప్రార్థన. మీరు ఆవిడను చూసి ఉండరు. ఒక్క కోరిక. ఈసారి మీరు ఎక్కడికైనా బయల్దేరి, ఇంటికి తాళం వేసి, ఏదో మరిచిపోయామని వెనక్కి తిరిగినప్పుడు, సూర్యాపేట రూతమ్మ గారిని ఒక్కసారి తలచుకోండి.