సున్నుండల డబ్బాలో నేలవేము

మూడు నెలల పరిశోధనను ఒక్క సున్నుండల డబ్బాలో పోయించి మూత పెట్టించిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నవ్వాక నా పీహెచ్‌డీ మీద కాస్త జాలి కూడా పడండి.

అప్పట్లో భవానీపూర్‌లో గది, దగ్గర్లోనే ల్యాబు. నేలవేము ఆకు సుగరు తగ్గిస్తుందో లేదో తేల్చడం నా పని. బెంగాలీలు కాల్‌మేఘ్ అంటారే, నాలుక మీద పెడితే చచ్చిపోయిన తాతలు కనిపించేంత చేదు, అదే. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండే మా పిన్నినీ, ఆవిడలాగే సుగరున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లనూ ఇందుకు ఒప్పించాను. డాక్టరిచ్చిన మందులు మానకుండా, వాటితో పాటు చేదు తెలియకుండా పూత పూసిన మా మాత్రలు వేసుకోవాలి. సగం మంది సీసాల్లో ఆకుపొడి మాత్రలు, మిగతావాళ్ల సీసాల్లో ఉత్త పిండి మాత్రలు. ఎవరి సీసాలో ఏముందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. ఇదంతా పిన్ని పెట్టిన పప్పుచారు జుర్రుకుంటూ వివరించాను. మా గైడుకీ సుగరేనని కూడా వాగాను.

సీసాలు పేరుపేరునా ఇంటింటికీ ఇచ్చి రమ్మన్నారు గైడు. నాకేమో బద్ధకం. సంచీ మొత్తం పిన్ని చేతిలో పెట్టి, "నువ్వే ఇచ్చేయ్ పిన్నీ" అని తిరుగు లోకల్ రైలు ఎక్కేశాను.

మూడు నెలలయ్యాక రక్తపరీక్షల కోసం వెళితే సీసాలన్నీ ఖాళీ. నా గుండె గర్వంతో ఉబ్బింది.

"ఎవరూ మానలేదన్నమాట."

"ఎందుకు మానతారు నాయినా. అందరికీ సమానంగా ఇచ్చినాను."

"సమానంగా అంటే?"

"సీసాలన్నీ సున్నుండల డబ్బాలో ఒంపీసి, బాగా కలిపీసి, వారం వారం తలా ఇన్ని ఇచ్చినాను."

"ఎందుకు కలిపావు పిన్నీ?"

"సగం మందికి పిండేనని నువ్వే సెప్పినావు కదేటి. గోడవతల గౌరమ్మ కాలి పుండు మానక ఏడస్తంది. దానికి పిండి ఇచ్చి నేను మందు మింగితే, నాకు ముద్ద దిగుతాదేటి?"

మందు పనిచేస్తుందో లేదో తేలాలంటే ఎవరో ఒకరు పిండి మింగక తప్పదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ మాట రక్తపరీక్షకు వచ్చి కూర్చున్న గౌరమ్మ కాలు చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు, సిగ్గేసింది. పరీక్షలు పక్కనపెట్టి ముందు ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాను.

మర్నాడు గైడు ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే అందరూ అన్నీ తిన్నారు. ఇప్పుడు మనకు తెలిసిందేమిటి?"

"ఏమీ తెలియలేదు సార్."

"పోనీ, డబ్బాలో ఏమైనా మిగిలిందా?"

జేబులోంచి మాత్రల పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. నేతి వాసన గుప్పుమంది.

"మీకూ సుగరని చెప్పాను కదా సార్. మొదటి రోజే పిన్ని మీ వాటా తీసి దాచిందట."

ఆయన పొట్లం చేతిలోకి తీసుకుని, "మీ పిన్నికి నా నమస్కారం చెప్పు" అన్నారు. తర్వాత నన్ను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమన్నారు.

కనుక హుగ్లీ నది సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట సీసాలు ఎవరివి వాళ్లకు నా చేత్తోనే ఇస్తాను. పిన్నింట్లో భోజనానికి కూర్చుంటే, తినడానికి తప్ప నోరు తెరవను.