అన్న తుపాకీకి నేను పెట్టిన ఆకురాయి

మలయాలో సుంగై సుమున్ దగ్గర రబ్బరు తోటలో నేను రెండేళ్లు తుపాకీతో కావలి కాశాను. కొత్తగా నాటిన మొక్కల్ని అడవి పందులు పెకలించకుండా చూడడం పని. కావలికి ఇద్దరం ఉండేవాళ్లం. రెండోవాడు నాకంటే పదేళ్లు పెద్ద. విశాఖపట్నం నుంచి ఒకే ఓడలో వచ్చాం. దారిలో నాకు జ్వరమొస్తే తన వంతు మంచినీళ్లు కూడా నాకే తాగించాడు. అప్పట్నుంచి అతను నాకు అన్న.

దొర మా ఇద్దరికీ చెరొక పాత రైఫిలు ఇచ్చాడు. రెండూ చూడ్డానికి ఒకటే. ఆ ఏడు వానలు పది రోజులు వదలకుండా పట్టి, రెండింటికీ తుప్పెక్కింది. శుభ్రం చేయకపోతే దొర ఊరుకోడని ఆఫీసు గుమాస్తా తమిళంలో చెప్పి పంపాడు. ఆ రోజు పొద్దున అన్న దుప్పటి కప్పుకుని వణుకుతూ మా గడపలోకి వచ్చాడు.

"నాదీ తుడిసెట్టు తమ్ముడా. సేతులు నిలవడం లేదు" అన్నాడు. తుపాకీ గోడకి ఆనించి వెళ్లిపోయాడు.

పైపైన తుడవడం నాకు అలవాటే. భాగాలు విప్పి మళ్లీ బిగించడం మాత్రం దొర బంగళాలో ఒకసారి చూశాను, అంతే. వరండాలో చాప పరిచి రెండు తుపాకులూ విప్పాను. గుడ్డతో తుడిచి నూనె రాశాను. దేని ముక్క దానికి విడిగా పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు.

మొదట నా తుపాకీ బిగించబోయాను. తూటాని వెనక నుంచి మూసిపెట్టే బోల్టు లోపలికి వెళ్లింది గానీ దాని పిడి కిందికి వాలలేదు. తీసి మళ్లీ తుడిచాను. మళ్లీ నూనె పోశాను. అరచేత్తో కొట్టాను, తర్వాత చెక్కతో కొట్టాను. మధ్యాహ్నానికి వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయింది. పిడి అక్కడే ఆగిపోతోంది.

దొర తుపాకీ పాడుచేసినవాడికి కావలి పని ఉండదు. కాలవలు తవ్వే గుంపులో వేస్తారు. మా ఊరివాళ్లు ఇద్దరు అందులోనే జ్వరం తగిలి పోయారు. నా భార్యకి అప్పుడు ఆరో నెల. ఇవన్నీ తలుచుకున్నకొద్దీ చేతికి పట్టు తప్పింది. మామూలుగా పనిముట్టు మీద కోపం తెచ్చుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఆ ఇనప ముక్కని బతిమాలుకున్నాను, తిట్టాను.

చివరికి మట్టి తవ్వే పారలకి పదును పెట్టే ఆకురాయి తెచ్చాను.

"అరగదీస్తే మల్లీ అతకదు. ఆగు" అంది నా భార్య.

నీకేం తెలుసని కసిరాను. అడ్డుపడుతుందనుకున్న చోట అరగదీశాను. పిడి వాలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అదే ఊపుతో అన్న తుపాకీ అందుకుని రెండో బోల్టు పెట్టాను. అది లోపల గలగలలాడింది.

నా భార్యకి అక్షరాలు రావు. చాప పక్కన కూర్చుని రెండింటినీ చాలాసేపు చూసింది. నేను అరగదీసిన బోల్టు మీద వేలు పెట్టి, "ఈ కొక్కెం లాటి గీత ఆయన తుపాకీ మీద ఉన్నాది. నీ దాని మీద లేదు" అంది.

మార్చి పెట్టాను. నా బోల్టు నా తుపాకీలో అతికినట్టు సరిపోయింది. అన్న బోల్టు అన్న తుపాకీలో ముట్టుకోకముందే వాలింది, వదులుగా ఊగింది. అరగదీసిన పొడి చాప మీద మెరుస్తోంది. దాన్ని మళ్లీ ఇనుము చేయడం ఎవరి వల్లా కాదు.

అంతలోనే అన్న వచ్చాడు. జ్వరం కాస్త తగ్గిందట, తూర్పు గట్టు దగ్గర పందులు దిగాయట.

"ఏటి తమ్ముడా, అయిపోనాదా?"

"అయిపోనాది" అన్నాను. తుపాకీ అతని చేతిలో పెట్టాను.

అతను బోల్టు ముందుకీ వెనక్కీ ఆడించి చూసుకున్నాడు. ఇంత నున్నగా ఎప్పుడూ కదల్లేదని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "అది ఆయన మొకం మీద పేల్తే ఆ ఇంటి ఆడమనిసికి ఏటి సెప్తావు?" అంది.

నేను పరిగెత్తాను. బురదలో రెండుసార్లు పడ్డాను. గట్టు దగ్గరికి చేరేసరికి అన్న మోకాలి మీద కూర్చుని తుపాకీ భుజానికెత్తి ఉన్నాడు. "అన్నా, కాల్సొద్దు" అని అరిచాను. పందులు చెదిరిపోయాయి. అతను కోపంగా తిరిగాడు. జరిగిందంతా చెప్పాను. తూటా తీసి జేబులో వేసుకున్నాడు.

"నా సేతికి ఇచ్చినప్పుడు నీకు తెలుసునా?"

"తెలుసు."

తుపాకీ తీసుకుని ఆఫీసు వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లాను. దొర ఆ తుపాకీని పట్నంలో మరమ్మతు చేసేవాడి దగ్గరికి పంపాడు. దాన్ని కాల్చిన మనిషి బతికితే అదృష్టమని ఆ మరమ్మతువాడు అన్నాడట. ఆ వారమే నన్ను కాలవల గుంపులో వేశారు. కొత్త తుపాకీ వచ్చేదాకా రెండు నెలలు అన్న డబ్బా, కర్ర పట్టుకునే పందుల్ని తోలాడు.

కాన్పుకి అన్న భార్య వచ్చి దగ్గరుండి అన్నీ చూసింది. అన్న మాత్రం రాలేదు. నేను నడుంలోతు నీళ్లలో మట్టి తోడుతుంటే గట్టు మీద నుంచి చూడకుండా వెళ్లిపోయేవాడు. పాపకి మూడో నెల వచ్చాక ఒకరోజు ఆగాడు.

"నువ్వు పరిగెత్తుకొచ్చినావు గనక మాటాడతన్నాను. ఇచ్చినప్పుడు మనసులో ఏటనుకున్నావో మాత్రం నాకెప్పుడూ సెప్పకు" అన్నాడు.

చెప్పనన్నాను. చెయ్యి అందించి నన్ను గట్టెక్కించాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు పక్కపక్క గదుల్లోనే బతికాం. అతను పోయేదాకా మాట తప్పలేదు నేను. ఇప్పుడు ఇక్కడ రాసుకుంటున్నాను. తుపాకీ ఇచ్చిన ఆ క్షణంలో నా కళ్ల ముందు కాలవల గుంపే ఉంది, నేను అతని గురించి ఏమీ అనుకోలేదు. అతను నాకు గుర్తే లేడు.