నీళ్లే అన్నాను

ఎనభైల మొదట్లో న్యూయార్క్ ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర, నా ముందున్న పెద్దావిడకు ఇంగ్లీషు రాకపోవడంతో ఆఫీసరు నన్ను పిలిచాడు. ఆవిడ గుండెలకు హత్తుకున్న రాగి చెంబు చూపించి, అందులో ఏముందో అడగమన్నాడు.

"కాశీ నుంచి వస్తున్నా. గంగమ్మ తల్లి ఉందని చెప్పు నాయనా" అందావిడ.

అవతల నా కనెక్షన్ ఫ్లైట్‌కి టైమైపోతోంది. చెంబులో అమ్మవారుందని అతనికెలా చెప్పను? "నీళ్లే" అన్నాను.

"అయితే ఆ బుట్టలో పారబోయమను."

చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. "తల్లిని చెత్తబుట్టలోనా?"

అతను చెంబు కోసం చెయ్యి చాచాడు. ఆవిడ వెనక్కి జరిగింది. ఇంకో ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు. లైన్లో సణుగుడు మొదలైంది.

"పారబొయ్యను. తాగేద్దాం. చెయ్యి పట్టు" అంటూ, ఇంట్లో పూజ చేసేదాకా విప్పకూడని లక్క సీలును గోళ్లతో పెకలించింది. నేను కుడి అరచెయ్యి చాచి, కింద ఎడమ చెయ్యి ఆనించాను. చల్లగా పడింది.

ఆఫీసరు నా కాళ్ల వంక చూస్తున్నాడు. "నీళ్లేనన్నావుగా. మరి బూట్లెందుకు విప్పావు?"

నేనూ అప్పుడే చూసుకున్నాను.

"ఏమంటున్నాడు నాయనా?" అందావిడ.

అంతసేపూ అతని ప్రతి మాటా ఆవిడకు తెలుగులో చెప్పినవాణ్ణి, ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను.