పగడపు రాయి పక్కన చీటీ

నా చిన్నప్పుడు మేం రాయగడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా తాతయ్య ట్రంకు పెట్టెలో, పాత పంచెలో చుట్టిన తెల్లటి పగడపు రాయి ఒకటి ఉండేది. చుట్టూ కొండలున్న ఊళ్ళో అలాంటిది ఇంకెవరింట్లోనూ లేదు. బడిలో ప్రదర్శన పెడతామనగానే దాన్ని అడిగి తీసుకున్నాను. మొదటి బహుమతి నాకే రావాలని ఒకటే ఆశ.

పక్కన పెట్టే చీటీ మీద సేకరించినవారి పేరు ఒడియాలో రాయాలన్నారు మాస్టారు. ఇంకేం, నా పేరే రాసుకుంటున్నాను. తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏటి రాస్తన్నావమ్మి?"

చెప్పాను. అప్పుడాయన అంతవరకు ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనా, ఆయన తమ్ముడూ మ్యూజియాలకు పగడాలు పోగుచేసే దొరల పడవలో పనికి కుదిరారట. తమ్ముడు నీళ్ళలో మునిగి గునపంతో పగడాలు విరిచి గంపలో పెడితే, తాతయ్య పైనుంచి తాడు లాగేవాడు. వాటిని ఇసకలో పూడ్చి, లోపలి జీవం కుళ్ళిపోయాక కడిగితే ఇలా తెల్లబడేవట. పెట్టెల మీద పేర్లు మాత్రం దొరలవే. ఒకరోజు గంప పైకి వచ్చింది, తమ్ముడు రాలేదు. ఆ గంపలోదే ఈ రాయి. అంచు విరిగిందని దొరలు వద్దన్నారు. తాతయ్య మళ్ళీ సముద్రం ముఖం చూడలేదు. ఇటు వచ్చేసి పట్టాల పనిలో చేరాడు.

"ఆడి పేరు రాయమ్మి. నాను పోతే ఆడి పేరెత్తీవోలు ఎవులూ నేరు."

ఆ పేరు చెప్పాడు. నేను తల ఊపాను గాని రాయలేదు. ఎప్పుడో పోయిన మనిషి పేరుంటే బహుమతి నాకెలా ఇస్తారని నా భయం. తాతయ్యకు తెలుగు అక్షరాలే రావు, ఒడియా సంగతి చెప్పేదేముంది. "రాసేను తాతా" అన్నాను.

ప్రదర్శన నాడు ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. నా పేరున్న చీటీని వేలితో మెల్లగా నిమిరాడు. బడి చౌకీదారును పిలిచి, వచ్చీరాని ఒడియాలో, ఇది మా తమ్ముడి పేరని చెప్పాడు. చౌకీదారుకు చదవడం వచ్చు. చీటీ చూశాడు, నన్ను చూశాడు.

"అవును మౌసా, పేరు బాగా రాసింది" అని బాబాయి వరస కలిపి, తాతయ్యను చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

బహుమతి నాకే వచ్చింది. ఆ వానాకాలంలోనే తాతయ్య పోయాడు, తమ్ముడి పేరు కాగితం మీద పడిందన్న తృప్తితోనే. చౌకీదారూ నేనూ ఆడింది ఒకే అబద్ధం. ఆయనది దయ, నాది మోసం. ఆ తేడా అప్పుడే తెలిసింది, కానీ నిజం చెప్పే ధైర్యం రాలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మనవరాలు ఫోన్లో మ్యూజియం పగడాలు చూపిస్తే, వాటి కింద పేర్లు చదువుతాను. నీళ్ళలో దిగినవాళ్ళు వీళ్ళు కారని నాకు తెలుసు. ఆ చిన్నతాత పేరు నేను విన్నది ఆ ఒక్కసారే. రాసి ఉంటే గుర్తుండేది. ఎంత ఏడ్చినా ఇప్పుడది గుర్తుకు రావడం లేదు.