విరగని రేకులు

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే దుర్గాశ్రీకి బండి ఆపడమే పెద్ద గండం. గేరు దించి క్లచ్ టక్కున వదిలేసేది. ఆ కుదుపుకి వెనక కూర్చున్న అత్తగారు వీరాయమ్మ ఒళ్లో డబ్బా ఎగిరి, రేకులు ముక్కలయ్యేవి. ఇంకోసారి విరిగితే సరుకే తీసుకోబోమని రావులపాలెం కొట్టువాళ్లు తేల్చేశారు. అలాగైతే బండి ఇక తనే నడుపుతానన్నాడు మొగుడు.

ఇవాళ కాలువ గట్టు మలుపులో గేదెలు అడ్డం వచ్చాయి.

"ఆపవే దుర్గా! నెమ్మదే తల్లీ!"

దుర్గాశ్రీ బ్రేకు మెల్లగా అదుముతూ నాలుగు నుంచి మూడు, రెండు, ఒకటి దించింది. దించిన ప్రతిసారీ క్లచ్ నిదానంగా వదిలింది. రేవుకి పడవ చేరినట్టు బండి ఆగింది.

"మూత తీసి చూడండి అత్తయ్యగారూ!"

"ఆయ్! ఒక్కటీ విరగలేదే! ఇక బండి నీదే. మీ ఆయన్ని పొయ్యి దగ్గర కూర్చోబెడదాం!"

గేదెలు జరగడం ఆలస్యం, దుర్గాశ్రీ హారన్ మోగిస్తూ రావులపాలెం వైపు దూసుకెళ్లింది.